స్టీమ్ తెరిచిన కాసేపటికే మూసుకుపోతోంది, రీఇన్‌స్టాల్ చేసినా అంతే. ఇంకెక్కడ వెతకాలి?

నైట్‌షిఫ్ట్_గేమర్ (బెంగళూరు)

అందరికీ నమస్కారం. మారతహళ్లిలో ఉంటాను, డెస్క్‌టాప్ మీద ఆడతాను. స్టీమ్ (గేములు కొని, దింపుకుని ఆడే యాప్) ఓపెన్ చేస్తే లైబ్రరీ వస్తుంది, కాసేపు అంతా బాగానే ఉంటుంది, ఉన్నట్టుండి విండో మొత్తం నల్లబడి దానంతటదే మూసుకుపోతుంది. ఒక్కోసారి తెరిచిన వెంటనే, ఒక్కోసారి ఆట మధ్యలో. చాలాసార్లు ఎర్రర్ మెసేజ్ కూడా రాదు. అప్పుడప్పుడు మాత్రం స్టీమ్‌వెబ్‌హెల్పర్ స్పందించడం లేదని ఒక బాక్స్ వస్తుంది, అందులో రీస్టార్ట్ నొక్కితే మళ్లీ తెరుచుకుంటుంది, మళ్లీ పోతుంది.

పెద్ద గేమ్ డౌన్‌లోడ్ పెడితే ఇంకా ఘోరం. సగంలో ఆగిపోయి అప్‌డేట్ ఫైళ్లు పాడయ్యాయంటుంది, కొంత భాగం మళ్లీ దింపుతుంది, మళ్లీ అదే మాట. ఫ్లాట్‌లో ముగ్గురం ఒకే బ్రాడ్‌బ్యాండ్ వాడతాం, నెలకి డేటా లిమిట్ ఉంది, అది దాటితే స్పీడ్ పడిపోయి మిగతా ఇద్దరి ఆఫీసు మీటింగులు కూడా ఆగుతున్నాయి. అందుకే నాకు టెన్షన్‌గా ఉంది.

సిస్టమ్: రైజెన్ 5 5600, బీ550 బోర్డు, 16 జీబీ డీడీఆర్4 ర్యామ్, ఆర్‌టీఎక్స్ 3060, విండోస్ 11. పార్టులు ఎస్‌పీ రోడ్‌లో కొని అక్కడే అసెంబుల్ చేయించాను. ఇప్పటిదాకా స్టీమ్ తీసేసి మళ్లీ వేశాను, గ్రాఫిక్స్ డ్రైవర్ కొత్తది పెట్టాను, విండోస్ అప్‌డేట్లన్నీ చేశాను. ఏమీ మారలేదు. తెలిసినవాళ్లందరూ ఫార్మాట్ కొట్టేయమంటున్నారు. ఇదే మెషిన్ మీద నేను ఆన్‌లైన్ కోర్సు చేస్తున్నాను, దాని సెటప్ అంతా మళ్లీ పెట్టుకోవాలంటే చాలా పని. ఫార్మాట్ దాకా వెళ్లకముందు ఇంకేం చూడాలో చెప్పండి.

హెచ్‌ఎస్‌ఆర్_కుర్రోడు

బ్రో, ముందు తేలిగ్గా అయ్యేవి చేసి చూడు. స్టీమ్ పూర్తిగా క్లోజ్ చెయ్యి, టాస్క్ మేనేజర్‌లో కూడా ఏమీ మిగలకూడదు. తర్వాత నీ యూజర్ ఫోల్డర్‌లో యాప్‌డేటా, దాని లోపల లోకల్, దాని లోపల స్టీమ్, అందులో హెచ్‌టీఎంఎల్‌క్యాష్ అని ఒక ఫోల్డర్ ఉంటుంది, దాన్ని డిలీట్ చెయ్యి. యాప్‌డేటా కనిపించకపోతే దాచిన ఫైళ్లు చూపించమని ఎక్స్‌ప్లోరర్‌లో పెట్టుకో. ఆ ఫోల్డర్‌ని స్టీమ్ మళ్లీ తనే తయారు చేసుకుంటుంది, నీ గేములకి ఏమీ కాదు. స్టీమ్‌ని తీసేసి మళ్లీ వేసినా ఆ క్యాష్ అలాగే ఉండిపోవచ్చు, ఎందుకంటే అది ప్రోగ్రామ్ ఫైల్స్‌లో ఉండదు, అందుకే రీఇన్‌స్టాల్ చేశాను అన్నవాళ్లకి కూడా నేను ఇదే చెబుతాను.

ఇంకోటి, స్టీమ్ సెట్టింగ్స్‌లో ఇంటర్‌ఫేస్ అనే చోట వెబ్ పేజీలకి జీపీయూ (గ్రాఫిక్స్ చిప్) వాడాలా వద్దా అని ఒక స్విచ్ ఉంటుంది, అది ఆఫ్ చేసి రీస్టార్ట్ చెయ్యి. స్టీమ్ అంతసేపు కూడా నిలవకపోతే నీకు వచ్చిన ఆ బాక్స్‌లోనే జీపీయూ లేకుండా రీస్టార్ట్ చేసే ఆప్షన్ ఉంటుంది, అది నొక్కు. చాలామందికి ఇక్కడితోనే అయిపోతుంది.

నైట్‌షిఫ్ట్_గేమర్

థాంక్స్ బ్రో. రెండూ చేశాను. నల్లబడటం తగ్గినట్టే అనిపించింది కానీ డౌన్‌లోడ్ పెట్టగానే మళ్లీ మొత్తం మూసుకుపోయింది.

లాగ్‌బుక్_అక్క

తమ్ముడూ, కాస్త ఆగు. ఇప్పటిదాకా చేసినవన్నీ తప్పు స్టీమ్‌లోనే ఉందని అనుకుని చేసినవి. స్టీమ్ కూలిపోతోంది అంటే స్టీమ్ చెడిపోయిందనే అర్థం రాదు. నేను ఒక కంపెనీలో ఐటీ సపోర్ట్ చూస్తాను, మా దగ్గరికి వచ్చే మెషిన్లలో ఎక్కువసార్లు చూసేది ఇదే: ఏ ప్రోగ్రామ్ మూసుకుపోతే దాన్నే తీసేసి మళ్లీ వేస్తూ ఉంటారు, అసలు కారణం ఇంకెక్కడో ఉంటుంది. ఏది ఎక్కడ కూలిందో విండోస్ ప్రతిసారీ రాసి పెడుతుంది. దాన్ని చదివితే సగం పని అయిపోయినట్టే.

స్టార్ట్‌లో రిలయబిలిటీ అని టైప్ చెయ్యి, రిలయబిలిటీ హిస్టరీ చూపించే లింక్ వస్తుంది. రోజులవారీగా ఒక గ్రాఫ్ కనిపిస్తుంది, ఏదైనా కూలిన రోజు మీద ఎర్ర గుర్తు ఉంటుంది. ఆ రోజు మీద నొక్కితే కింద ప్రోగ్రాముల పేర్లు వస్తాయి, ఒక్కోదాని మీద డబుల్ క్లిక్ చేస్తే వివరాలు. అందులో నీకు కావలసినవి రెండే, ఫాల్ట్ మాడ్యూల్ నేమ్ (ఏ ఫైలులో కూలిందో దాని పేరు), ఎక్సెప్షన్ కోడ్ (ఏ రకం తప్పో చెప్పే కోడ్). ఇదే సమాచారం ఈవెంట్ వ్యూయర్‌లో విండోస్ లాగ్స్ కింద అప్లికేషన్‌లో ఈవెంట్ 1000 పేరుతో కూడా ఉంటుంది, కానీ రిలయబిలిటీ పేజీ చదవడం తేలిక. గత నెల రోజుల్లో ఎర్ర గుర్తులన్నీ చూడు. స్టీమ్‌వి మాత్రమే కాదు, వేరే ప్రోగ్రాములు ఏవి కూలాయో కూడా రాసుకో.

ఎందుకంటే ప్రతిసారీ ఒకే మాడ్యూల్ పేరు వస్తే తప్పు ఒకేచోట ఉందన్నమాట. ఆ పేరు ఎన్‌వీతో మొదలైతే అది ఎన్విడియా డ్రైవర్ ఫైలు అయ్యే అవకాశం ఎక్కువ, అప్పుడు డ్రైవర్‌ని మామూలుగా అప్‌డేట్ చేస్తే చాలదు, సేఫ్ మోడ్‌లో డీడీయూ అనే డ్రైవర్ తీసేసే టూల్‌తో పూర్తిగా తీసేసి మళ్లీ వేయాలి. నువ్వు ఇన్‌స్టాల్ చేసుకున్న ఇంకేదో సాఫ్ట్‌వేర్ పేరైతే అది స్టీమ్ లోపలికి తన ఫైలు దూరుస్తోందని అర్థం. ఎప్పుడూ లిబ్‌సెఫ్ అనో స్టీమ్‌యూఐ అనో వస్తే స్టీమ్ సొంత ఫైళ్లు, అప్పుడు పైన కుర్రోడు చెప్పిన దారి కరెక్ట్. అలా కాకుండా ఒక్కోసారి ఒక్కో మాడ్యూల్, దానికి తోడు స్టీమ్‌తో సంబంధం లేని ప్రోగ్రాములు కూడా కూలుతుంటే సాఫ్ట్‌వేర్ వైపు చూడటం ఆపేసి హార్డ్‌వేర్ వైపు రావాలి.

అన్నట్టు, స్టీమ్‌వెబ్‌హెల్పర్ అనేది వైరస్ కాదు, టాస్క్ మేనేజర్‌లో ఆ పేరుతో నాలుగైదు కనిపించడం మామూలే. స్టీమ్‌లో స్టోర్, లైబ్రరీ, చాట్ ఇవన్నీ లోపల క్రోమియం బ్రౌజర్ ఇంజిన్ మీద నడుస్తాయి, 2023 జూన్‌లో క్లయింట్ డిజైన్ మార్చాక ఇది ఇంకా పెరిగింది. ఆ బ్రౌజర్ భాగమే వెబ్‌హెల్పర్. అది పడిపోతే విండో నల్లబడుతుంది.

సింపుల్‌గా_చెప్తా

ఇంత తలనొప్పి ఎందుకండీ, ఒక ఆదివారం కూర్చుని ఫార్మాట్ కొట్టి ఫ్రెష్ విండోస్ వేసుకుంటే సాయంత్రానికి అయిపోతుంది. నా అనుభవంలో పదింటికి ఎనిమిది సార్లు పోతుంది.

లాగ్‌బుక్_అక్క

సాఫ్ట్‌వేర్ తప్పైతే పోతుందండీ, కాదనను. కానీ ర్యామ్‌లోనో డిస్క్‌లోనో తప్పుంటే ఆ తప్పు మీదే కొత్త విండోస్ ఇన్‌స్టాల్ అవుతుంది, కాపీ అయ్యే ఫైళ్లే చెడిపోయి దిగుతాయి. అప్పుడు క్రాష్ ఎందుకో తెలుసుకోవడం ఇంకా కష్టం. పైగా ఆ అబ్బాయికి డేటా లిమిట్ ఉంది, గేములన్నీ మళ్లీ దింపుకోవాలి. రిలయబిలిటీ పేజీ చూడటానికి పది నిమిషాలు పడుతుంది. ముందు అది చూద్దాం, ఫార్మాట్ ఎక్కడికీ పోదు.

వేళచ్చేరి_వాసి (చెన్నై)

అక్క చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. నాది ల్యాప్‌టాప్. స్టీమ్‌లో ఏదైనా గేమ్ పేజీ తెరిస్తే చాలు క్రాష్. నేను కూడా క్యాష్ తీసేశాను, స్టీమ్ ఫోల్డర్‌లో స్టీమ్‌యాప్స్, యూజర్‌డేటా, స్టీమ్ ఎగ్జిక్యూటబుల్ ఈ మూడూ ఉంచి మిగతావన్నీ డిలీట్ చేసి మళ్లీ అప్‌డేట్ అవ్వనిచ్చాను. లాభం లేకపోయింది. ఈవెంట్ వ్యూయర్‌లో చూస్తే ప్రతిసారీ అదే పేరు, స్క్రీన్ మూల మీద ఎఫ్‌పీఎస్ (సెకనుకి ఎన్ని ఫ్రేములు) చూపించే ఒక యుటిలిటీది. అలాంటి ఓవర్‌లేలు స్క్రీన్ మీద అంకెలు గీయడానికి నడుస్తున్న ప్రతి ప్రోగ్రామ్‌లోకీ తమ డీఎల్‌ఎల్ (వేరే ప్రోగ్రాములు వాడుకునే కోడ్ ఫైలు) ఎక్కిస్తాయి, గేమ్‌కి సరే, స్టీమ్ విండోకి కూడా ఎక్కిస్తున్నాయి. ఆ యుటిలిటీలో స్టీమ్‌ని మినహాయింపు జాబితాలో పెట్టాను, ఆ రోజు నుంచి ఒక్క క్రాష్ లేదు.

ఇంకో మాట. వెతికేటప్పుడు ఫలానా డీఎల్‌ఎల్ మిస్సింగ్, ఇక్కడ డౌన్‌లోడ్ చేసుకోండి అనే సైట్లు చాలా వస్తాయి. దయచేసి వాటి నుంచి ఏదీ దింపకండి. అందులో ఏముంటుందో ఎవరికీ తెలియదు. విజువల్ సీ ప్లస్ ప్లస్ ఫైళ్లు కావాలంటే మైక్రోసాఫ్ట్ సైట్‌లోనే దొరుకుతాయి. రిజిస్ట్రీ క్లీనర్లు, పీసీ బూస్టర్లు కూడా అంతే, ఉన్న సమస్య మీద ఇంకో సమస్య పెడతాయి.

నైట్‌షిఫ్ట్_గేమర్

అక్కా, చూశాను. గ్రాఫ్ నిండా ఎర్ర గుర్తులే, ఇన్ని ఉంటాయని అనుకోలేదు. రాసుకున్నవి ఇవి: స్టీమ్‌వెబ్‌హెల్పర్ కూలినప్పుడు ఒకసారి లిబ్‌సెఫ్, ఇంకోసారి ఎన్‌టీడీఎల్‌ఎల్. స్టీమ్ కూలినప్పుడు ఒకసారి యూసీఆర్‌టీబేస్, ఒకసారి స్టీమ్‌యూఐ. కోడ్ ఎక్కువగా సీతో మొదలై చివర 5 ఉన్నది, మధ్యలో అన్నీ సున్నాలు. ఒకచోట చివర 374 ఉంది. ఇవి కాక విండోస్ ఎక్స్‌ప్లోరర్ కూడా కూలింది, అది నేను గమనించలేదు, ఎందుకంటే టాస్క్‌బార్ మాయమై మళ్లీ వస్తుంది అంతే. బ్రౌజర్‌లో ట్యాబ్‌లు కూడా అప్పుడప్పుడు ఏడుపు మొహం బొమ్మ చూపించి యాక్సెస్ వయొలేషన్ అంటాయి, నెట్ సమస్య అనుకునేవాణ్ణి. ఒక పెద్ద జిప్ ఫైల్ విప్పితే సీఆర్‌సీ ఎర్రర్ (ఫైల్ పాడైందని) వచ్చింది, అదే ఫైల్ మళ్లీ విప్పితే వచ్చేసింది.

గ్రాఫ్‌లో వెనక్కి వెళ్తే ఎర్ర గుర్తులు ఒకానొక వారంలో మొదలయ్యాయి, అంతకు ముందు శుభ్రంగా ఉంది. ఆ వారమే 8 జీబీ చాలడం లేదని ఇంకో 8 జీబీ స్టిక్ వేయించాను. కానీ విండోస్ 16 జీబీ చూపిస్తోంది కదా, అందుకే దాని మీద అనుమానం రాలేదు.

లాగ్‌బుక్_అక్క

ఆ జిప్ ఫైల్ విషయం చాలు, అదొక్కటి ముందే చెప్పి ఉన్నా నేను నేరుగా ర్యామ్ దగ్గరికే వచ్చేదాన్ని. డిస్క్ మీద ఉన్న ఫైల్ మారలేదు, ఒకసారి తప్పని తేలింది, ఇంకోసారి కరెక్ట్‌గా విప్పుకుంది. అంటే ఫైల్ బాగానే ఉంది, విప్పేటప్పుడు మధ్యలో ఒక బిట్ తారుమారైంది. స్టీమ్ డౌన్‌లోడ్ ఎందుకు పాడవుతోందో కూడా ఇదే చెబుతుంది. స్టీమ్ గేమ్‌ని దాదాపు ఒక ఎంబీ ముక్కలుగా కంప్రెస్ చేసి పంపుతుంది, నీ మెషిన్ ఒక్కో ముక్కని ర్యామ్‌లో విప్పి, చెక్‌సమ్ (డేటా మారలేదని సరిచూసే అంకె) సరిపోయిందా అని చూసి, అప్పుడు డిస్క్ మీద రాస్తుంది. ర్యామ్‌లో ఒక్క బిట్ మారినా చెక్‌సమ్ సరిపోదు, ముక్క మొత్తం పారేసి మళ్లీ తెప్పించుకుంటుంది. నీ డేటా లిమిట్ అక్కడే కరిగిపోతోంది.

కోడ్ చివర 5 అంటే ప్రోగ్రామ్ తనది కాని మెమరీ అడ్రస్‌ని ముట్టుకోబోయిందని, విండోస్ ఆపేసిందని. 374 అంటే ప్రోగ్రామ్ వాడుకుంటున్న హీప్ మెమరీ చెడిపోయిందని. ఈ రెండూ మామూలు సాఫ్ట్‌వేర్ తప్పుల వల్ల కూడా వస్తాయి, వాటిని చూసే ర్యామ్ అని చెప్పలేం. కానీ సంబంధం లేని ఇన్ని ప్రోగ్రాముల్లో, ఇన్ని మాడ్యూళ్లలో, అదీ కొత్త స్టిక్ వేసిన వారం నుంచి వస్తుంటే ఇంక సందేహం ఎందుకు.

విండోస్ 16 జీబీ చూపించడం అంటే స్టిక్ ఉందని గుర్తు పట్టిందని మాత్రమే. ఆ స్పీడ్‌లో తప్పు లేకుండా పని చేస్తోందని కాదు. ర్యామ్ ప్యాకెట్ మీద 3200 అనో 3600 అనో రాసి ఉండేది ఎక్స్‌ఎంపీ స్పీడ్, అంటే మామూలు కన్నా వేగంగా నడపడానికి స్టిక్‌లోనే రాసి పెట్టిన ప్రొఫైల్‌ది. ఎక్స్‌ఎంపీ ఆన్ చేయకపోతే స్టిక్ తన మామూలు స్పీడ్‌లో, 2400, 2666 అలా నడుస్తుంది. ఆన్ చేస్తే అది ఓవర్‌క్లాక్ (మామూలు స్పీడ్ దాటి నడపడం) కిందే లెక్క. కంపెనీలు రెండు స్టిక్‌ల కిట్ అమ్మినప్పుడు ఆ రెండూ కలిసి ఆ స్పీడ్‌లో నడుస్తాయని చూసి అమ్ముతాయి. విడివిడిగా కొన్న రెండు స్టిక్‌లకి ఆ హామీ ఉండదు, ఒకే మోడల్ అయినా లోపల చిప్‌లు వేరుగా ఉండొచ్చు. ఒక్కోటి విడిగా బాగానే ఉంటుంది, కలిపితే వేరే నడకలున్న రెండు ఎడ్లని ఒకే కాడికి కట్టినట్టు అవుతుంది. బోర్డు ఒక స్టిక్ ప్రొఫైల్ చదివి రెండిటికీ అదే పెడుతుంది, ఆ స్పీడ్ రెండోదానికి మోయలేనంత అయితే ఇలా అప్పుడప్పుడు బిట్లు తప్పుతాయి.

ఇప్పుడు చేయాల్సింది: మెమ్‌టెస్ట్86 అని ర్యామ్‌ని పరీక్షించే ప్రోగ్రామ్ ఉంటుంది, వాళ్ల సైట్ నుంచే దింపుకో, ఫ్రీ ఎడిషన్ చాలు. పెన్ డ్రైవ్ మీద రాయి, పెన్ డ్రైవ్‌లో ఉన్నదంతా పోతుంది కాబట్టి ఖాళీది తీసుకో. దాంతో బూట్ చేసి టెస్ట్ పెట్టి పడుకో, నాలుగు పాస్‌లు (పూర్తి రౌండ్లు) అయ్యేసరికి కొన్ని గంటలు పడుతుంది. విండోస్‌లో ఉండే మెమరీ డయాగ్నస్టిక్ కూడా ఉంది కానీ అది చాలా తప్పుల్ని వదిలేస్తుంది, అది ఓకే అందని ఆగిపోవద్దు. మెమ్‌టెస్ట్‌లో ఎన్ని తప్పులొస్తే ప్రమాదం అని అడుగుతుంటారు. ఒక్కటి వచ్చినా ర్యామ్ బాగా లేనట్టే.

తప్పులు వస్తే రెండూ పీకి ఒక్కోదాన్నీ విడిగా పెట్టి టెస్ట్ చెయ్యి. కరెంట్ ప్లగ్ తీసేసి, పవర్ బటన్ ఒకసారి నొక్కి వదిలి, క్యాబినెట్ ఇనుప భాగాన్ని ముట్టుకున్నాకే స్టిక్ పట్టుకో. ఒక్క స్టిక్ పెట్టేటప్పుడు ఏ స్లాట్‌లో పెట్టాలో బోర్డు మాన్యువల్‌లో ఉంటుంది, మామూలుగా ప్రాసెసర్ నుంచి రెండోది.

బెంచ్‌మార్క్_మామ

ఇది చదువుతున్న మిగతావాళ్ల కోసం ఒక మాట చేరుస్తాను, ఈ అబ్బాయిది రైజెన్ కాబట్టి ఆయనకి వర్తించదు. ఇంటెల్ 13, 14 తరాల డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో, ముఖ్యంగా ఐ7, ఐ9 లాంటి పెద్దవాటిలో, ఇలాగే సంబంధం లేని ప్రోగ్రాములన్నీ కూలడం, డౌన్‌లోడ్ విప్పేటప్పుడు తప్పులు రావడం, గేమ్ మొదలయ్యేటప్పుడు వీడియో మెమరీ చాలట్లేదని అనడం ఉంది. కార్డులో మెమరీ బోలెడంత ఉన్నా అలా అంటుంది. ప్రాసెసర్ అవసరానికి మించి వోల్టేజ్ అడగడం దీనికి ఒక కారణమని 2024లో ఇంటెల్ చెప్పింది, ఆగస్టులో 0ఎక్స్129 మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి సాఫ్ట్‌వేర్) ఇచ్చింది, వారంటీ ఇంకో 2 ఏళ్లు పెంచింది. ఆ ప్రాసెసర్లున్నవాళ్లు బయోస్ (మెషిన్ ఆన్ కాగానే ముందు నడిచే బోర్డు సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేసుకోండి. అప్పటికే దెబ్బతిన్నదాన్ని ఆ అప్‌డేట్ బాగు చేయదు, మార్పించుకోవాల్సిందే.

ఇంకొకటి కూడా చెప్పాలి. 8 జీబీ ర్యామ్ ఉన్నవాళ్లు ఎస్‌ఎస్‌డీ అరిగిపోతుందని పేజ్ ఫైల్ (ర్యామ్ చాలనప్పుడు విండోస్ డిస్క్ మీద వాడుకునే చోటు) ఆఫ్ చేస్తుంటారు. దయచేసి చేయకండి. గేమ్, బ్రౌజర్, స్టీమ్ కలిసి మెమరీ నిండగానే విండోస్ ఇంకెక్కడికీ సర్దలేక ఏదో ఒకటి కూలిపోతుంది. సిస్టమ్ లాగ్‌లో ఈవెంట్ 2004, రిసోర్స్ ఎగ్జాషన్ అని ఉంటే అదే. పేజ్ ఫైల్ మళ్లీ ఆటోమేటిక్‌లో పెట్టేస్తే చాలు.

హెచ్‌ఎస్‌ఆర్_కుర్రోడు

మామా, మరి మెషిన్ మొత్తం రీస్టార్ట్ అయిపోతే? మా ఫ్రెండ్‌ది గేమ్ పెట్టగానే ఆఫ్ అయి ఆన్ అవుతుంది.

బెంచ్‌మార్క్_మామ

అది వేరే దారి. సిస్టమ్ లాగ్‌లో కెర్నల్ పవర్ 41 కనిపిస్తుంది, దాని అర్థం విండోస్ సరిగ్గా షట్‌డౌన్ కాకుండా ఆగిపోయిందని మాత్రమే, కారణం చెప్పదు. గేమ్ పెట్టగానే అంటే ముందు పవర్ సప్లై, తర్వాత వేడి చూడమను. అదే లాగ్‌లో వియా లాగర్ (డబ్ల్యూహెచ్‌ఈఏ) అనే పేరుతో ఎర్రర్లు ఉంటే ప్రాసెసర్ తనే హార్డ్‌వేర్ తప్పు రిపోర్ట్ చేసిందన్నమాట. దీనికి వేరే ప్రశ్న పెట్టించు, ఇక్కడ కలిపితే ఈ అబ్బాయి విషయం పక్కకి పోతుంది.

నైట్‌షిఫ్ట్_గేమర్

అక్కా, టెస్ట్ పెట్టాను. మొదటి పాస్ కూడా అవ్వకముందే ఎర్ర లైన్లు వచ్చేశాయి. రెండూ పీకి విడివిడిగా పెట్టాను, పాత స్టిక్ క్లీన్, కొత్త స్టిక్ కూడా క్లీన్. నాలుగు పాస్‌లూ, ఒక్క ఎర్రర్ లేదు. స్టిక్కర్లు చూస్తే పాతదాని మీద 3200 ఉంది, కొత్తదాని మీద 3600. బయోస్‌లో చూస్తే ఎక్స్‌ఎంపీ ఆన్‌లో ఉంది, రెండూ 3600లో నడుస్తున్నాయి. అంటే కొత్తదాని ప్రొఫైల్ పాతదానికీ పెట్టేసింది, అంతేనా? ఇప్పుడు కొత్త స్టిక్ తిరిగి ఇచ్చేయాలా? షాపులో బిల్లుంది కానీ స్టిక్ విడిగా బాగానే ఉంటే వాళ్లు మార్చరేమో.

లాగ్‌బుక్_అక్క

అంతే. రెండూ మంచివే, తిరిగి ఇవ్వాల్సిన పని లేదు. డబ్బు కూడా పెట్టొద్దు ఇప్పుడే.

రెండూ పెట్టి, బయోస్‌లోకి వెళ్లి ఎక్స్‌ఎంపీ ఆఫ్ చెయ్యి. కొన్ని బోర్డుల్లో దాని పేరు డీఓసీపీ అని ఉంటుంది. అప్పుడు రెండూ తక్కువ స్పీడ్‌లో నడుస్తాయి. మళ్లీ మెమ్‌టెస్ట్ పెట్టు. క్లీన్ అయితే అసలు సమస్య తీరినట్టే, కొన్ని రోజులు అలాగే వాడు. తర్వాత కావాలంటే స్టిక్‌ల స్థానాలు మార్చి పెట్టు, బోర్డు పాతదాని 3200 ప్రొఫైల్ తీసుకోవచ్చు. తీసుకోకపోతే ఫ్రీక్వెన్సీ దగ్గర 3200 చేత్తో పెట్టు, పాత స్టిక్ మీద రాసి ఉన్న టైమింగ్‌లు, వోల్టేజ్ అవే ఇవ్వు, సాధారణంగా 1.35 వోల్ట్‌లు ఉంటుంది, అంతకన్నా పెంచొద్దు. నీ ప్రాసెసర్‌కి ఏఎండీ చెప్పిన స్పీడ్ కూడా 3200 వరకే. 3600 నుంచి 3200కి వస్తే ఆటలో కంటికి తెలిసే తేడా ఉండదు, ఆ విషయంలో బెంగ పెట్టుకోకు. స్పీడ్ మార్చిన ప్రతిసారీ టెస్ట్ మాత్రం తప్పకుండా పెట్టాలి, విండోస్ ఓపెన్ అయింది కదా అని వదిలేయొద్దు.

సింపుల్‌గా_చెప్తా

ఒప్పుకుంటున్నానండీ, ఇక్కడ ఫార్మాట్ కొట్టి ఉంటే ఉపయోగం ఉండేది కాదు. ఒక డౌట్, ల్యాప్‌టాప్‌లో ఈ ఎక్స్‌ఎంపీ ఎక్కడుంటుంది? నా దగ్గరున్నదాంట్లో బయోస్‌లో అలాంటిదేమీ లేదు.

లాగ్‌బుక్_అక్క

చాలా ల్యాప్‌టాప్‌ల బయోస్‌లో ఆ ఆప్షన్ ఇవ్వరండీ, ర్యామ్ మామూలు స్పీడ్‌లోనే నడుస్తుంది. అక్కడ మెమ్‌టెస్ట్‌లో తప్పులొస్తే మీరు తర్వాత వేయించిన స్టిక్ తీసేసి ముందు చూడండి. ర్యామ్ బోర్డుకే సోల్డర్ చేసి ఉంటే విప్పే వీలు లేదు, సర్వీస్ సెంటరే.

నైట్‌షిఫ్ట్_గేమర్

ఎక్స్‌ఎంపీ ఆఫ్ చేస్తే 2666 చూపిస్తోంది, టెస్ట్ మొత్తం క్లీన్. స్టీమ్ తెరిచి రాత్రంతా వదిలేశాను, డౌన్‌లోడ్ నడుస్తూనే ఉంది, ఎక్కడా ఆగలేదు. తర్వాత స్థానాలు మార్చి 3200 పెట్టాను, మళ్లీ రాత్రంతా టెస్ట్ పెట్టాను, అదీ క్లీన్. బ్రౌజర్ ట్యాబ్‌లు పోవడం కూడా ఆగిపోయింది, దానికీ దీనికీ సంబంధం ఉంటుందని నాకు అస్సలు తట్టలేదు. చాలా చాలా థాంక్స్ అక్కా, మిగతా అందరికీ కూడా. ఇంకేమైనా చేయాలా, ఇంతటితో సరిపోతుందా?

లాగ్‌బుక్_అక్క

సంతోషం తమ్ముడూ. ఒక పని మిగిలి ఉంది, దీన్ని చాలామంది వదిలేస్తారు. ర్యామ్ తప్పుగా నడిచిన ఆ రోజుల్లో డిస్క్ మీద రాసినవన్నీ అనుమానంగానే చూడాలి. విండోస్ అప్‌డేట్లు కూడా అప్పుడే చేశావు కదా. కమాండ్ ప్రాంప్ట్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి ముందు డిస్మ్ రీస్టోర్‌హెల్త్, అది పూర్తయ్యాక ఎస్‌ఎఫ్‌సీ స్కాన్‌నౌ నడుపు, చెడిపోయిన విండోస్ ఫైళ్లు ఉంటే మారుస్తాయి. ఆ రెండు కమాండ్లూ మైక్రోసాఫ్ట్ సహాయం పేజీలో పూర్తిగా ఉంటాయి, అక్కడి నుంచే కాపీ చేసుకో.

స్టీమ్‌లో ప్రతి గేమ్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో ఇన్‌స్టాల్డ్ ఫైల్స్ కింద వెరిఫై ఉంటుంది, అది నొక్కు. డిస్క్ మీద ఉన్న ఫైళ్లని సరిచూసి పాడైనవి మాత్రమే మళ్లీ దింపుతుంది, కాబట్టి డేటా ఎక్కువ పోదు. జీపీయూ స్విచ్ ఆఫ్ చేశావు కదా, అది మళ్లీ ఆన్ చేసుకోవచ్చు.

ఇంకోటి, ఇంకెప్పుడైనా స్టీమ్ తీసేయాల్సి వస్తే స్టీమ్‌యాప్స్ ఫోల్డర్‌ని ముందు బయటికి జరుపు. అన్‌ఇన్‌స్టాల్ చేస్తే ఆ ఫోల్డర్‌తో పాటు గేములన్నీ పోతాయి, నీకు మళ్లీ డేటా ఖర్చు. సేవ్ ఫైళ్లు కూడా చూసుకో, అన్ని గేములకీ స్టీమ్ క్లౌడ్ ఉండదు, కొన్ని డాక్యుమెంట్స్‌లో, కొన్ని యాప్‌డేటాలో దాచుకుంటాయి.

ఆ వారం నుంచి కాపీ చేసిన ఫోటోలు, జిప్‌లు, కోర్సు ప్రాజెక్ట్ ఫైళ్లు ఒక్కసారి తెరిచి చూడు. ఒరిజినల్ ఫోన్‌లోనో మెయిల్‌లోనో ఉన్నవి ఇప్పుడే మళ్లీ కాపీ చేసుకుంటే మంచిది, ఫోన్‌లో స్పేస్ లేదని డిలీట్ చేయకముందే.

నైట్‌షిఫ్ట్_గేమర్

మంచి మాట చెప్పారు అక్కా. ఎస్‌ఎఫ్‌సీ కొన్ని ఫైళ్లు చెడిపోయాయని చెప్పి బాగు చేసింది. రెండు గేములు వెరిఫైలో కొంచెం దింపుకున్నాయి. ఊరి నుంచి వచ్చేటప్పుడు తీసిన వీడియోల్లో ఒకటి మధ్యలో చుక్కలు చుక్కలుగా ఆగిపోతోంది, ఒరిజినల్ మా చెల్లి ఫోన్‌లో ఉంది, పంపమన్నాను. కోర్సు ఫైళ్లన్నీ బాగానే తెరుచుకున్నాయి. ప్రశ్న పరిష్కారమైందని గుర్తు పెట్టేస్తున్నాను.